వరద తగ్గాక విక్టోరియన్ ఇల్లు: దేనికి తొందర, దేనికి నిదానం

వరద తగ్గిన మూడో రోజుకల్లా ఒక కాంట్రాక్టర్ వస్తాడు. గోడ మీద నీటి మరక ఎక్కడిదాకా ఉందో చూస్తాడు, దాని పైన ఇంకో అడుగు కొలిచి గీత గీస్తాడు, "ఇక్కణ్ణుంచి కిందికంతా కోసి పారేద్దాం" అంటాడు. జిప్సం బోర్డు గోడలున్న ఇంట్లో అది సరైన మాటే. ఆ బోర్డు నానిందంటే ఇక పనికిరాదు. మ్యూజియంగా మారిన 1880ల నాటి, అంటే విక్టోరియా రాణి కాలపు, ఇంట్లో మాత్రం ఆ గీత కింద ఉన్నది చెక్క బద్దల మీద మూడు పూతలుగా వేసిన సున్నపు గచ్చు. తడిసినా అది ఆరుతుంది. కోసేస్తే మళ్ళీ రాదు.

అదే సమయానికి వెనక గదిలో ఒక పెట్టెలో ఫోటో ఆల్బం నీళ్ళోడుతూ ముద్దగా పడి ఉంటుంది. దాన్నింకా ఎవరూ తెరిచి చూడలేదు. ఇంకొక్క రోజు గడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

ఆలస్యం అమృతం విషం అన్నారు. నిదానమే ప్రధానం అని కూడా అన్నారు. నది పొంగి ఇంటి మ్యూజియంలోకి వచ్చినప్పుడు రెండూ నిజమే. వస్తువులకు మొదటిది, గోడలకు రెండోది. అమెరికాలో నదుల ఒడ్డున మునిగే క్వీన్ ఆన్, ఇటాలియనేట్ అనే విక్టోరియన్ శైలుల ఇళ్ళ విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండూ తారుమారు కావడమే: గోడల మీద హడావుడి, వస్తువుల మీద తాత్సారం.

ముందు లోపలికి అడుగు పెట్టే సంగతి. కరెంటు మీటరు దగ్గరే ఆపించాలి. బేస్‌మెంట్‌లోని ప్యానెల్ దగ్గరికి నీళ్ళలో నడిచి వెళ్ళి స్విచ్ తీయాలనుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. గ్యాస్ కూడా అంతే, సరఫరా సంస్థ వచ్చి ఆపాలి. వరండా స్తంభాలు ఇటుక దిమ్మెల మీద నిలబడి ఉంటాయి. ప్రవాహం ఆ దిమ్మెల కింద మట్టిని తోడేసుకుపోతే పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, పదిమంది ఎక్కేసరికి కూలుతుంది. కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరు చూసే వరకు వెనక తలుపో కిటికీయో వాడుకోవాలి. నది నీటిలో మురుగు, నూనె, పొలాల మందులు అన్నీ కలిసి ఉంటాయి. నైట్రైల్ గ్లవ్స్, రబ్బరు బూట్లు, ఎన్‌95 మాస్క్ లేకుండా ఎవరినీ రానివ్వకూడదు, టెటనస్ ఇంజెక్షన్ గడువు దాటినవాళ్ళను కూడా.

ఇక బేస్‌మెంట్. నిండా నీళ్ళు చూడగానే పెద్ద పంపు పెట్టి గంటల్లో తోడేయాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. బయట నేల నీళ్ళతో ఉబ్బి గోడను లోపలికి నెడుతుంటుంది, లోపలి నీరు దాన్ని ఎదురు నెడుతుంటుంది. లోపలి నీటిని ఒక్కసారిగా తీసేస్తే సున్నంతో కట్టిన ఆ రాతి పునాది గోడ లోపలికి పడిపోవచ్చు. బయట నేల మీద నీరు పోయాకే మొదలుపెట్టాలి. ముందు ఒక అడుగు తోడి, గోడ మీద గుర్తు పెట్టి, రాత్రంతా వదిలేయాలి. తెల్లారి నీరు మళ్ళీ గుర్తు దాటి ఉంటే ఇంకా సమయం రాలేదన్నమాట. దాటకపోతే ఆ తర్వాత రోజుకు రెండు మూడు అడుగులు. నీటి మీద రంగురంగుల పొర తేలుతుంటే హీటింగ్ ఆయిల్ ట్యాంకు తేలి పైపు విరిగి ఉండొచ్చు, అప్పుడు ఆ నీటిని వీధిలోకి వదలడానికి వీల్లేదు. పాత బాయిలర్ పైపుల చుట్టూ తెల్లటి పిండికట్టులాంటి తొడుగు నాని వేలాడుతుంటే ఆస్బెస్టాస్ అనే అనుకుని, లైసెన్స్ ఉన్నవాళ్ళు వచ్చే వరకు ముట్టుకోకుండా వదిలేయాలి.

ఒక్క వస్తువు కదిపే ముందు ఫోటోలు తీయాలి. ప్రతి గదికీ నాలుగు మూలల నుంచి, నీటి మరక పక్కన టేపు పెట్టి ఎత్తు కనబడేలా. బీమా వాళ్ళకు, విపత్తు సహాయం చూసే ఫెడరల్ సంస్థ ఫెమాకు, తర్వాత వచ్చే కన్జర్వేటర్‌కు, అంటే పాత వస్తువులను బాగుచేసే నిపుణుడికి, అందరికీ ఇవే ఆధారం. చాలా చిన్న మ్యూజియంలలో వస్తువుల రిజిస్టరు ఉండేది బేస్‌మెంట్ ఆఫీసులోనే, అది కూడా మునిగిపోతుంది. దాని నకలు ఇంకో ఊళ్ళో ఉంచడానికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.

వస్తువుల దగ్గర గడియారం 48 గంటలది. వెచ్చని వాతావరణంలో తడి కాగితం మీద, బట్ట మీద, తోలు మీద బూజు రెండు రోజుల్లో మొదలవుతుంది. అందుకే పై అంతస్తులోనో పక్క భవనంలోనో పొడి చోటు చూసుకుని, బల్లలు వేసి, ప్లాస్టిక్ షీట్ పరిచి, వస్తువులు అక్కడికి చేర్చాలి. ముగ్గురేసి ఒక జట్టు: ఒకరు ఎత్తేవాళ్ళు, ఒకరు ఫోటో తీసేవాళ్ళు, ఒకరు రాసేవాళ్ళు. చీటీలు తడిసినా చిరగని టైవెక్ షీటు మీద పెన్సిల్‌తో రాయాలి, ఇంకు కారిపోతుంది. ఊడిన ప్రతి ముక్కనూ, అంటే మలిచిన పువ్వునీ ఇత్తడి పిడినీ వెనీర్ (పైన అతికించే పల్చటి చెక్క పొర) పెచ్చునీ, సంచిలో వేసి ఏ గదిలో ఏ వస్తువు పక్కన దొరికిందో రాసి కట్టాలి. బురదలో దొరికిన ముక్క పనికిరానిదని పారలతో ఎత్తి పారేసేవాళ్ళ చేతుల్లోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. బయటికి పోయే బురదను జల్లెడ మెష్ మీదుగానే పోనివ్వాలి.

ఏది ముందు అనేదానికి విలువ కొలబద్ద కాదు, ఎంత త్వరగా పాడవుతుందనేదే కొలబద్ద. ఫోటోలు మొదట. అందులోనూ కొలోడియన్ అనే జిగట పూత మీద తీసినవి, అంటే అంబ్రోటైపులు, టిన్‌టైపులు, తడి పలకల గాజు నెగటివ్‌లు అన్నిటికంటే ముందు. ఇవి నీటిలో ఎక్కువ సేపు నిలవవు, ఫ్రీజ్ అసలే చేయకూడదు. ముఖం పైకి ఉండేలా పరిచి ఆరబెట్టాలి. డాగెరోటైపు అనే తొలినాటి ఫోటో వెండి పూత పలక మీద వేలు గాని బట్ట గాని తగిలితే బొమ్మే పోతుంది. జెలటిన్ ఫోటోలకు ఇంకో చిక్కు: ఒకదాని మీద ఒకటి ఉండగా ఆరితే ఇటుకలా గట్టిపడతాయి. విడదీసే తీరిక లేకపోతే చల్లటి మంచి నీటిలో ఉంచొచ్చు, కానీ రెండు రోజులు దాటితే జెలటిన్ జారిపోతుంది.

తర్వాత పుస్తకాలు, కాగితాలు. ఇవి ఫ్రీజర్‌కు తగినవి. తడి పుస్తకాన్ని తెరవొద్దు, మూయొద్దు, ఎలా దొరికితే అలాగే ఫ్రీజర్ పేపర్ చుట్టి, వెన్ను కిందికి ఉండేలా ప్లాస్టిక్ క్రేట్‌లో ఒకే వరుసలో పేర్చాలి. ఇంట్లో వాడే ఫ్రీజర్‌లోని 0 డిగ్రీల ఫారెన్‌హీట్ తాత్కాలికంగా చాలు, మాంసం నిల్వచేసే పెద్ద కోల్డ్ స్టోరేజీ దొరికితే ఇంకా మంచిది. గడ్డకట్టిన దాన్ని శూన్యంలో ఆరబెడితే మంచు నీరు కాకుండా నేరుగా ఆవిరవుతుంది. మధ్యలో ద్రవం ఉండదు కాబట్టి ఇంకు పాకదు, కాగితం అతుక్కోదు. 1966 నవంబరులో ఫ్లారెన్స్‌లో ఆర్నో నది పొంగి గ్రంథాలయాలను ముంచిన తర్వాతే ఇలాంటి పనులు ఒక వృత్తిగా గట్టిపడ్డాయి. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపానుకు చెమంగ్ నది న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గాజు మ్యూజియాన్ని ముంచినప్పుడు తడిసిన పుస్తకాలను ఫ్రీజ్ చేసి ఉంచారు. మ్యూజియం ఆగస్టు 1కే తలుపులు తెరిచింది, పుస్తకాల పని మాత్రం ఆ తర్వాతా చాలా కాలం సాగింది. గడ్డకట్టించడమంటే సమయాన్ని కొనుక్కోవడం, అంతే. బాగుచేయడం తర్వాతి మాట.

నూనె రంగుల చిత్రాలను ఫ్రేము నుంచి తీయొచ్చు, వెనకున్న కర్ర చట్రం నుంచి మాత్రం తీయకూడదు. తడి కాన్వాస్ కుంచించుకుంటుంది, చట్రం పట్టుకుని ఉండకపోతే రంగు పెచ్చులై రాలుతుంది. బొమ్మ పైకి ఉండేలా, కింద గాలి ఆడేలా దిమ్మెల మీద పెట్టాలి. బంగారు పూత ఫ్రేములను కడగడమే పెద్ద తప్పు. బంగారు రేకు కింద ఉన్నది సుద్దా జంతువుల జిగురూ కలిపిన గెస్సో, నీళ్ళు పోస్తే కరిగి కారిపోతుంది. బురద ఉన్నా సరే అలాగే ఉంచి నెమ్మదిగా ఆరనివ్వాలి.

చెక్క సామాను సంగతీ అదే జిగురుతో ముడిపడి ఉంది. ఆ కాలపు బల్లలు, బీరువాలు అన్నీ జంతువుల జిగురుతో అతికినవే, నానితే కీళ్ళు వదులవుతాయి. వాల్‌నట్ డ్రెస్సర్ సొరుగు బిగిసిపోయిందని లాగితే ముందు పలక చేతిలోకి వస్తుంది. వెనక పలక విప్పి లోపలి నుంచి నెట్టాలి. వెనీర్ లేచిన చోట మధ్యలో సిలికాన్ పేపర్ పెట్టి, పైన పలక వేసి, బరువు పెట్టాలి. బరువు లేకుండా ఆరితే అప్పడంలా ముడుచుకుంటుంది. పాలరాయి పలకలను తడి చెక్క మీద ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు. చెక్కలోని టానిన్, మేకుల తుప్పు రాతిలోకి ఇంకి గోధుమ రంగు మరకలు పడతాయి, అవి పోవడం చాలా కష్టం. గుర్రపు వెంట్రుకలు కూరిన సోఫాలను తెల్లటి నూలు తువ్వాళ్ళతో గట్టిగా చుట్టి, తువ్వాళ్ళు తడిసినప్పుడల్లా మారుస్తుంటే, రంగూ మురికీ పైబట్ట మీద కాకుండా తువ్వాల మీదికి ఎక్కుతుంది. పియానో మాత్రం వాయించే వాద్యంగా తిరిగి రావడం అరుదు. నాదపలక విచ్చిపోతుంది, తంతుల మేకులు పట్టు వదిలేస్తాయి. దాని మీద పెట్టే డబ్బు వేరే పది వస్తువులను కాపాడుతుంది. గూడును ప్రదర్శనకు ఉంచుకుంటే సరి.

పట్టు బట్టల దగ్గర జాగ్రత్త. ఆ కాలంలో పట్టుకు బరువు తెచ్చేందుకు తగరం, ఇనుము లవణాలు పట్టించేవారు, ఇప్పటికి అది పొడిపొడిగా రాలే దశలో ఉంటుంది. చేత్తో ఎత్తకూడదు. కింద ప్లాస్టిక్ జాలీ దూర్చి, జాలీతో సహా ఎత్తాలి. తివాచీలు వేరే రకం సమస్య. నీళ్ళు పీల్చిన తివాచీని నలుగురు ఎత్తబోతే మధ్యకు చిరుగుతుంది, కొన్నిసార్లు ఎత్తేవాళ్ళ నడుమే పట్టేస్తుంది. గొట్టానికి చుట్టి, గొట్టం పట్టుకుని మోయాలి. వెనకున్న జనపనార నెమ్మదిగా ఆరితే గోధుమ రంగు ముందు వైపుకు ఎక్కుతుంది కాబట్టి దీనికి మాత్రం ఫ్యాన్లు బాగానే పెట్టొచ్చు. పింగాణీ సామాను, గాజు, పోత ఇనుము చివరికి. ఇనుప పొయ్యిని మాత్రం కడిగిన వెంటనే తుడిచి, ఆరబెట్టి, పల్చగా నూనె రాయాలి, లేకపోతే మర్నాటికే ఎర్రబారుతుంది.

ఇక్కడిదాకా ఆలస్యం అమృతం విషం. ఇక్కణ్ణుంచి రెండో సామెత.

బురదను మాత్రం తడిగా ఉండగానే తీయాలి, ఆరితే సిమెంటులా పడుతుంది. పారలు ప్లాస్టిక్‌వి వాడాలి, తోట పైపుతో మెల్లటి ధార సరిపోతుంది. ప్రెజర్ వాషర్ తెస్తామని ఎవరైనా అంటే వద్దనాలి. అది మెత్తటి పాత ఇటుక పైపొరను చెక్కేస్తుంది, సందుల్లోని సున్నాన్ని ఊడ్చేస్తుంది, నీటిని గోడ లోపలికి ఇంకా లోతుగా కొడుతుంది. కనిపించే చోట్ల బురద ఎవరైనా తీస్తారు. ఇల్లు కుళ్ళేది కనిపించని చోట్ల నుంచి: జారుడు తలుపులు దూరే గోడ సందు, సామాను పైకి లాగే చిన్న లిఫ్ట్ గుంట, పాత వేడిగాలి ఫర్నేస్ గొట్టాలు, పొయ్యి కింద బూడిద గుంట, బొగ్గు జారే దారి, మెట్ల కింద బీరువా, పెరట్లో మరిచిపోయిన ఇటుక నీటి తొట్టి. గదులన్నీ శుభ్రంగా ఉండి మూడు నెలల తర్వాత కూడా ముక్కిన వాసన వస్తుంటే ముందు జారుడు తలుపుల సందులో టార్చి వేసి చూడాలి. పది సార్లలో ఏడు సార్లు అక్కడే ఉంటుందని నా పందెం.

చెక్క ఇళ్ళకు ఇంకో విశేషం ఉంది. బలూన్ ఫ్రేమ్ అనే పద్ధతిలో కట్టినవాటిలో నిలువు వాసాల మధ్య ఖాళీ బేస్‌మెంట్ నుంచి అటక దాకా ఒకే గొట్టంలా సాగుతుంది. కింది తేమంతా దానిలోంచి పైకి పోయి అటకలో చల్లటి చెక్క మీద నీరు కడుతుంది. వరద నాలుగడుగులే వచ్చినా బూజు అటకలో కనిపించడం ఇందుకే. ఆ గొట్టాన్ని మనకు పనికొచ్చేలా కూడా వాడుకోవచ్చు. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ చెక్కలు విప్పి, వాటి వెనక గచ్చులో రంధ్రాలు చేసి, అటక కిటికీకి ఫ్యాన్ బిగించి గాలిని పైకి లాగితే గోడ లోపలి నుంచి ఆరుతుంది. రంధ్రాలు మళ్ళీ స్కర్టింగ్ కిందికే పోతాయి, ఎవరికీ కనిపించవు. విప్పిన ప్రతి చెక్క వెనక గది పేరు, గోడ దిక్కు, వరుస అంకె రాయాలి. ఆ ఖాళీల్లో తర్వాతి కాలంలో ఎవరైనా సెల్యులోజో గ్లాస్ ఉన్నో నింపి ఉంటే మాత్రం అది తీయక తప్పదు. తడి స్పాంజిలా గోడను పట్టుకుని ఉంటుంది. గచ్చు కోయాల్సివస్తే దీని కోసమే, అదీ అవసరమైనంత మేరకే.

గచ్చు నిలుస్తుందో లేదో వేలితో తట్టి చూస్తే తెలుస్తుంది. గట్టి చప్పుడైతే బద్దల సందుల్లోకి దూరి పట్టుకున్న ముడులు ఇంకా ఉన్నాయి. డొల్లగా మోగి, అరచేత్తో నొక్కితే కదిలితే ముడులు విరిగాయి. అలాంటి చోట కూడా వెంటనే ఊడగొట్టక్కర్లేదు, పలకతో ఒత్తిపట్టి ఆరాక అతికించవచ్చు. పైపూతలో జిప్సం కలిపి ఉంటే ఆ పొర ఒక్కటే మెత్తబడి ఊడొచ్చు. కింది రెండు పూతలు బాగుంటే పైది మళ్ళీ వేసుకోవచ్చు.

ఇటుక గోడ ఆరడానికి పాత లెక్క ఒకటుంది: అంగుళానికి ఒక నెల. మూడు ఇటుకల వరుసల గోడ పన్నెండు పదమూడు అంగుళాలు. అంటే ఏడాది. ట్రస్టీల మీటింగులో ఈ మాట చెబితే గదంతా నిశ్శబ్దమవుతుంది, కానీ చెప్పాల్సిందే. హీటర్లు పెట్టి తొందరపెడితే పైపొర మాత్రమే ఆరి, లోపలి తడి లవణాలను మోసుకొస్తూ పైపొర వెనక ఆగుతుంది. ఆ లవణాలు స్ఫటికాలై ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడదీస్తాయి. గోడ మీద తెల్లటి ఉప్పు పూస్తే నీళ్ళతో కడగకూడదు, అది కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, వాక్యూమ్‌తో తీసేయాలి.

కిటికీలు ఎప్పుడు తెరవాలి, గాలిలోని తేమ లాగేసే డీహ్యుమిడిఫైయర్ ఎప్పుడు నడపాలి? దీనికి తేమ శాతం చూస్తే సరిపోదు, డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీరుగా కట్టే ఉష్ణోగ్రత, చూడాలి. బయట డ్యూ పాయింట్ లోపలికంటే తక్కువైతే కిటికీలు తెరిస్తే ఇల్లు ఉచితంగా ఆరుతుంది. ఎక్కువైతే మూసి యంత్రం నడపాలి. జూలై మధ్యాహ్నం "గాలి ఆడనీ" అని అన్నీ తెరిచి పెట్టే మంచి మనసు వల్ల గోడలు మళ్ళీ తడుస్తాయి. గది తేమను రోజుకు కొద్ది శాతం చొప్పున దించాలి. ఒక్క వారంలో 90 నుంచి 40కి తెస్తే తలుపు పలకలు నిలువునా చీలతాయి. ఫ్యాన్లను గోడకు సమాంతరంగా పెట్టాలి, దేని మీదికీ గురిపెట్టి కాదు. 60 శాతం కిందికి వచ్చి అక్కడే నిలిస్తే బూజు భయం చాలావరకు పోయినట్టే.

నేల చెక్కలు ఉబ్బితే పక్కకు పోయే చోటు లేక పైకి లేస్తాయి, కొన్నిసార్లు గోడనే బయటికి నెడతాయి. మూడు నాలుగు చెక్కలకు ఒకటి చొప్పున విప్పి తీస్తే మిగిలినవాటికి ఊపిరి ఆడుతుంది. అంచులు లేచి దొప్పలా వంగిన చెక్కలను చూసి సాండింగ్ యంత్రం తేకూడదు. అప్పుడు అంచులు గీసేస్తే, చెక్క పూర్తిగా ఆరి చదునయ్యాక అంచులు పల్లమై నడుమ గట్టులా నిలుస్తుంది. తలుపులకూ ఇదే నియమం. ఉబ్బి పట్టేస్తోందని చిత్రిక పడితే చలికాలానికి వేలు దూరేంత సందు మిగులుతుంది. తలుపును బందుల నుంచి తీసి పక్కన నిలబెట్టి ఓపిక పట్టడమే.

పిన్నుల తేమ మీటరు ఒకటి కొనాలి. చెక్కలో 20 శాతం దాటితే కుళ్ళు మొదలయ్యే చోటు, 15 కిందికి రాకుండా ఏ గోడా మూయకూడదు. మునగని పై అంతస్తులో అదే రకం చెక్కను కొలిచి, దానికి రెండు మూడు శాతం దగ్గరికి వచ్చేవరకు ఆగడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ఇటుకలో, గచ్చులో ఇదే మీటరు చూపే అంకెను నమ్మకూడదు. లవణాలుంటే పొడి గోడను కూడా తడి అంటుంది. అక్కడ అంకె కాదు, వారం వారం అది ఎటు కదులుతోందనేదే చూడాలి. కొలిచే చోట్లకు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ప్రతి వారం అవే చోట్ల కొలవాలి.

వాల్‌పేపర్ గురించి ఒక హెచ్చరిక. విక్టోరియన్ కాలపు ఆకుపచ్చల్లో చాలావాటిలో ఆర్సెనిక్ ఉంటుంది, ఆకుపచ్చ కాని రంగుల్లో కూడా ఉండొచ్చు. తడిసి బూజు పట్టినప్పుడు కొన్ని బూజులు ఆ ఆర్సెనిక్‌ను విషవాయువుగా మారుస్తాయని 1890లలోనే ఇటలీ శాస్త్రవేత్త బార్టొలోమియో గోసియో చూపించాడు. కాబట్టి వేలాడుతున్న కాగితాన్ని ఉత్త చేతులతో పీకకూడదు. ఎక్స్-కిరణాలతో మూలకాలను గుర్తించే ఎక్స్‌ఆర్ఎఫ్ పరికరంతో పరీక్షించాకే ముట్టుకోవాలి. తర్వాతి పొరల కింద దాగిన పాత కాగితం ముక్క ఒక్కటైనా దాచుకుంటే, రేపు కొత్తది అచ్చువేయించడానికి అదే నమూనా. లిన్‌క్రస్టా వేరు. 1877లో వచ్చిన ఈ గోడ తొడుగు అవిసె నూనెతో చేసింది, నీటిని బాగానే తట్టుకుంటుంది, జిగురు వదిలినా తిరిగి అతికించవచ్చు. అదే కోవలో చవగ్గా వచ్చిన అనాగ్లిప్టా కాగితపు గుజ్జు, అది మిగలదు.

బూజుకు బ్లీచ్ అని అందరూ అంటారు. చెక్క మీద బ్లీచ్ పైరంగును మాత్రమే పోగొడుతుంది. దానిలోని నీరు చెక్కలోకి ఇంకి బూజుకు దాహం తీరుస్తుంది. సన్నటి ధూళిని కూడా పట్టే వడపోత ఉన్న హెపా వాక్యూమ్‌తో తీసి, తేమ తగ్గించడమే మందు. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా గీకకూడదు. బేస్‌మెంట్ రాతి గోడలకు, నేలకు బురద పోయేలా కడిగాకే క్రిమినాశకం కొట్టాలి. బురద మీద కొడితే మందు వృథా.

డబ్బు సంగతి. జాతీయ వరద బీమా పథకంలో నివాసం కాని భవనానికి గరిష్ఠంగా 5,00,000 డాలర్లు, లోపలి వస్తువులకు విడిగా ఇంకో 5,00,000. వినడానికి బాగానే ఉంది. చిన్న అక్షరాల్లో ఏముందంటే కళాఖండాలు, ఫోటోలు, అరుదైన పుస్తకాలు, సేకరణ వస్తువులు అన్నీ కలిపి 2,500 డాలర్లే. మ్యూజియంకు ఉండేవే అవి! అందుకే సేకరణకు వేరే ఫైన్ ఆర్ట్ పాలసీ లేకపోతే ఆ బీమా దాదాపు గోడలకే. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ లాంటి యంత్రాలకు తప్ప అక్కడ పెట్టిన సామానుకు ఏమీ రాదు. నష్టం వివరాలు సంతకంతో 60 రోజుల్లో చేరాలి.

ఇంకోటి, చాలామందిని భయపెట్టేది. మరమ్మతు ఖర్చు భవనం మార్కెట్ విలువలో సగానికి చేరితే మొత్తం ఇంటిని ఇప్పటి వరద నియమాలకు తగ్గట్టు ఎత్తాలనో మార్చాలనో ఊరి అధికారి నోటీసు ఇస్తాడు. చారిత్రక భవనంగా నమోదైన ఇంటికి, ఆ హోదా పోకుండా పని చేస్తే, ఇందులో మినహాయింపు దొరుకుతుంది. ఊరి వరద చట్టంలో ఆ వాక్యం ఉందో లేదో ముందే చదువుకోవాలి. ఫెమా డబ్బు వాడితే 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం 106వ సెక్షన్ కింద ఆ పని చారిత్రక భవనానికి హాని చేస్తుందా అనే సమీక్ష జరుగుతుంది, దానికి ముందే కిటికీలు మార్చేస్తే డబ్బు రాకపోవచ్చు. వాలంటీర్ల పేర్లు, గంటలు, చేసిన పని రోజూ సంతకంతో రాసి ఉంచాలి. ఆ గంటలను మనం పెట్టాల్సిన వాటా కింద లెక్క చూపే వీలుంది. బురద ఎత్తే హడావుడిలో ఆ రిజిస్టరు ఎవరికీ గుర్తుండదు.

తిరిగి కట్టేటప్పుడు సిమెంటు సంచి కనిపిస్తే వెనక్కి పంపాలి. గట్టి పోర్ట్‌లాండ్ మోర్టార్ మెత్తటి పాత ఇటుక కంటే బలంగా ఉంటుంది. తేమ సందులోంచి పోలేక ఇటుకలోంచి పోతుంది, ఇటుకే పగులుతుంది. సున్నంతోనే సందులు నింపాలి, లోపల సున్నమే వేయాలి. వాటర్‌ప్రూఫ్ పెయింట్, స్ప్రే ఫోమ్ రెండూ తడిని లోపల బంధించేవే. మునిగిన స్విచ్చులు, బ్రేకర్లు, గ్యాస్ వాల్వులు ఆరబెట్టి వాడేవి కావు, కొత్తవి వేయాలి. ఎలాగూ వేస్తున్నాం కాబట్టి కరెంటు ప్యానెల్, బాయిలర్, ఫైర్ అలారం పెట్టె పై అంతస్తులోకి మారిస్తే వచ్చే వరదకు ఖర్చు చాలా తగ్గుతుంది. మురుగు పైపుకు వెనక్కి రాకుండా వాల్వు. పునాది గోడకు వరద కిటికీలు, అంటే వరద నీరు లోపలికీ బయటికీ పోయే రంధ్రాలు, పెట్టేటట్లయితే లోపలి విస్తీర్ణం ఒక చదరపు అడుగుకు ఒక చదరపు అంగుళం చొప్పున, వేర్వేరు గోడలకు కనీసం రెండు, అడుగు భాగం నేలకు ఒక అడుగు ఎత్తు లోపే.

తలుపులు ఎప్పుడు తెరవాలి? ఇంత బూజు ఉంటే పర్వాలేదు అని చెప్పే ఫెడరల్ ప్రమాణం ఏదీ అమెరికాలో లేదు. కాబట్టి గాలి పరీక్ష కాగితం ఒక్కటి పట్టుకుని తెరవడం కుదరదు. కంటికి బూజు లేదు, రాత్రంతా మూసి ఉంచి పొద్దున తలుపు తీస్తే వాసన లేదు, తేమ అంకెలు నాలుగు వారాలు నిలకడగా ఉన్నాయి: ఈ మూడూ కలవాలి. వాటితోపాటు ఫైర్ అలారం పరీక్ష, ఊరి భవన అధికారి అనుమతి, కొట్టుకుపోయిన వీల్‌చెయిర్ ర్యాంపుకు బదులు 12 అంగుళాలకు ఒక అంగుళం వాలుతో ఇంకో ర్యాంపు.

ఇల్లంతా ఒకేసారి తెరవాలని పట్టుబట్టడం నాకు నచ్చదు. గోడలు ఏడాది ఆరుతుంటే ఏడాది మూసి కూర్చుంటే టికెట్ల డబ్బూ పోతుంది, ఊరి జనం మరిచిపోతారు కూడా. వెనక మెట్ల మీదుగా పై అంతస్తు ముందు చూపించవచ్చు. కింద పార్లర్ గుమ్మంలో తాడు కట్టి, విప్పిన నేలనూ బద్దల వెనక ఖాళీనీ అక్కడ నిలబడి చూడనివ్వొచ్చు. మామూలు రోజుల్లో వాల్‌పేపర్ వెనక దాగి ఉండే ఇంటి ఎముకలు చూసే అవకాశం సందర్శకులకు మళ్ళీ రాదు. ఆ గదిలో జనం ఊపిరి కూడా తేమే కాబట్టి ఒక విడతకు పదిమందికి మించకుండా చూసుకోవాలి.

వస్తువులు తిరిగి వచ్చే క్రమం వెళ్ళిన క్రమానికి తిరగబడి ఉంటుంది. ముందు గాజు, పింగాణీ, ఇనుము. ఒక చలికాలం హీటింగ్ నడిచి, గది తేమ 35 నుంచి 60 మధ్య మెల్లగా ఊగుతూ ఉందని చూశాక చెక్క సామాను. చలికాలమంతా 50 శాతం దగ్గర పట్టి ఉంచాలని హ్యుమిడిఫైయర్ నడిపితే ఇప్పుడిప్పుడే ఆరిన గోడల్లో మళ్ళీ నీరు కడుతుంది. ఈ ఇళ్ళకు ఆ పుస్తకపు అంకె పనికిరాదు. గచ్చుకు వాల్‌పేపర్, నూనె రంగు ఆ తర్వాతే. బట్టలు, కాగితాలు, ఫోటోలు అన్నిటికంటే చివర, అవి కూడా అసలువి కాకుండా నకళ్ళు పెట్టి, అసలువి పై అంతస్తులో ఉంచడం మేలు. బయటి నుంచి వచ్చే ప్రతి ఉన్ని వస్తువునూ తివాచీ పురుగు కోసం వెతికాకే గుమ్మం దాటించాలి. తడిసి ఆరిన ఉన్ని దానికి పండగ భోజనం.

నీటి మరక గీతను ఒక్క గోడ మీద, అదీ మెట్ల కింద, తుడవకుండా వదిలేసి పక్కన తేదీ రాసిపెట్టండి. ప్యానెల్ ఎంత ఎత్తులో పెట్టాలో అడిగే ఎలక్ట్రీషియన్‌కు దాన్ని చూపిస్తే చాలు.